హాజరు పట్టీలో సగం పేరు

అమెరికాలో ఇంటి దగ్గరే చదువుకునే పిల్లల కోసం ప్రభుత్వ బడులు కొన్ని తరగతులు నడుపుతాయి. మంగళవారం రసాయనశాస్త్రం ల్యాబు, గురువారం వయొలిను, మధ్యలో బంకమట్టితో బొమ్మలూ పాత్రలూ చేసే తరగతి. మిగతా రోజులన్నీ ఇంట్లోనే, అమ్మ దగ్గరో నాన్న దగ్గరో లెక్కలు, చరిత్ర, చదవడం, రాయడం. ఈ ఏర్పాటుకు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పేరు. వాషింగ్టన్ రాష్ట్రంలో పేరెంట్ పార్ట్‌నర్‌షిప్ ప్రోగ్రామ్, అయోవాలో హోమ్ స్కూల్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్, అలాస్కాలో కరస్పాండెన్స్ స్కూల్. పేర్లు ఎన్ని ఉన్నా తేలవలసిన సంగతి ఒకటే: ఈ పిల్లవాడు ఎవరి లెక్కలోకి వస్తాడు, ఇంటి లెక్కలోకా, సర్కారు లెక్కలోకా? డబ్బు, పరీక్షలు, పుస్తకాల ఎంపిక, తల్లిదండ్రుల చేతిలో మిగిలే స్వేచ్ఛ, అన్నీ ఆ జవాబును బట్టే నడుస్తాయి.

మొదట్లో ఇంటి చదువుకూ సర్కారు బడికీ పొసగేది కాదు. పిల్లలను బడికి పంపని తల్లిదండ్రుల మీద నిర్బంధ హాజరు చట్టాల కింద కేసులు పెట్టిన కాలం అది. 1977లో జాన్ హోల్ట్ అనే విద్యా విమర్శకుడు ఇంటి చదువుకోసమే ఒక పత్రిక మొదలుపెట్టాడు. 1983లో ఇలాంటి కుటుంబాల తరఫున కోర్టుల్లో వాదించడానికి హోమ్ స్కూల్ లీగల్ డిఫెన్స్ అసోసియేషన్ పుట్టింది. ఒకవైపు బడి పిల్లల సహజ కుతూహలాన్ని చంపేస్తుందని నమ్మిన ఉదారవాదులు, మరోవైపు బడిలో దేవుడి మాట లేదని బాధపడిన క్రైస్తవ కుటుంబాలు. ఒకరి పొడ ఒకరికి గిట్టని ఈ ఇద్దరూ కలిసే ఉద్యమాన్ని లాక్కొచ్చారు. 1993 నాటికి 50 రాష్ట్రాల్లోనూ ఇంటి చదువు చట్టబద్ధమైంది. కేంద్ర విద్యా గణాంకాల సంస్థ 1999లో లెక్క కడితే అలాంటి పిల్లలు ఎనిమిదిన్నర లక్షల మంది తేలారు. 2012 నాటికి ఆ సంఖ్య 18 లక్షలకు చేరువైంది. కరోనా కాలంలో, 2020 వసంతానికీ శరత్తుకూ మధ్య, ఇంటి చదువు చెప్పుకునే కుటుంబాలు 5.4 శాతం నుంచి 11.1 శాతానికి పెరిగాయని జనాభా లెక్కల శాఖ సర్వే చెప్పింది.

1999 నాటి లెక్కలోనే ఇంకో సంగతి కూడా ఉంది. ఇంట్లో చదువుతున్న పిల్లల్లో దాదాపు 18 శాతం మంది అప్పటికే ఏదో ఒక బడికి పాక్షికంగా వెళుతున్నారు. అంటే బడి మీద అలిగి బయటికి వచ్చినవాళ్లలో దాదాపు అయిదో వంతు మంది ఒక కాలు బడి గడపలోనే ఉంచారు. దానికి కారణాలు కనబడుతూనే ఉన్నాయి. నాలుగో తరగతి లెక్కలు ఏ తల్లయినా చెప్పగలదు. పదకొండో తరగతికి వచ్చేసరికి ఆమ్లాలూ క్షారాలూ వంటగట్టు మీద కలిపి చూపడం కష్టం. పాతికమంది కలిసి వాయించే బ్యాండు ఇంట్లో కుదరదు. నాటకానికి పదిమంది కావాలి. ఇక పిల్లలకు పిల్లలు కావాలన్న మాట వేరే చెప్పనక్కర్లేదు.

బడి వైపు కారణం ఇంకా సూటిగా ఉంటుంది. అమెరికాలో రాష్ట్ర ప్రభుత్వం, ఒక ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్టుకు చాలా వరకు విద్యార్థుల తలల లెక్కన డబ్బిస్తుంది. ఒక పిల్లవాడు ఇంటికి పోతే అతని వాటా సొమ్మూ పోతుంది. పాక్షికంగానైనా తిరిగి వస్తే పాక్షికంగా డబ్బూ వస్తుంది. పిల్లల మీద ప్రేమతో తలుపు తెరిచిన అధికారులు లేరని కాదు. అయితే ఆ ప్రేమకు బడ్జెట్టు అడ్డురాకపోగా తోడైంది.

ఇదంతా ఎలా పనిచేస్తుందో తెలియాలంటే వాషింగ్టన్ రాష్ట్రాన్ని దగ్గరగా చూడాలి. అక్కడ ఇంటి చదువు చట్టం 1985లో వచ్చింది. నిర్బంధ విద్య ఎనిమిదేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా. పిల్లవాడికి ఇంట్లోనే చదువు చెప్పదలచిన తల్లిదండ్రులు ఏటా సెప్టెంబరు 15లోగా, లేదా ఆ తర్వాత మొదలయ్యే ఏ టర్ముకైనా రెండు వారాల్లోగా, స్కూల్ డిస్ట్రిక్టుకు ఒక ప్రకటన పత్రం ఇవ్వాలి. పదకొండు విషయాలు చెప్పాలి: వృత్తివిద్య, విజ్ఞానశాస్త్రం, గణితం, భాష, సాంఘికశాస్త్రం, చరిత్ర, ఆరోగ్యం, చదవడం, రాయడం, స్పెల్లింగు, చిత్రకళా సంగీతాల పట్ల అభిరుచి. చెప్పే తల్లికో తండ్రికో కాలేజీలో సుమారు ఏడాది చదువుకు సమానమైన 45 క్వార్టర్ క్రెడిట్లయినా ఉండాలి, లేదా ఇందుకోసమే పెట్టిన కోర్సయినా పూర్తిచేసి ఉండాలి. అదీ లేకపోతే సర్టిఫికెట్ ఉన్న టీచరు పర్యవేక్షణలో చెప్పాలి. ఏడాదికోసారి ప్రామాణిక పరీక్షో, టీచరు చేసే మదింపో జరగాలి. ఆ ఫలితాన్ని మాత్రం ఎవరికీ పంపనక్కర్లేదు, ఇంట్లో ఫైల్లో పెట్టుకుంటే చాలు. ఇంటి చదువు తరగతి గది చదువు కంటే వదులుగా, అనుభవం మీద ఎక్కువగా ఆధారపడి సాగుతుందని ఆ చట్టమే ఒప్పుకుంటుంది. చట్టాల భాషలో ఇంత ఔదార్యం అరుదు.

ఇంట్లో చదువు చెప్పుకోదలచిన కుటుంబానికి ప్రభుత్వ బడిలో రెండు తలుపులు ఉన్నాయి. ఈ రెండింటినీ ఒకటనుకుని తికమకపడేవాళ్లే ఎక్కువ.

మొదటి తలుపు పాక్షిక నమోదు. ఇంటి దగ్గర చదివే పిల్లవాడు ఒక్క బీజగణితం తరగతికో, ఒక్క ఆర్కెస్ట్రాకో, స్పీచ్ థెరపీకో మామూలు ప్రభుత్వ బడికి రావచ్చు. ప్రైవేటు బడుల పిల్లలకు ఉన్న హక్కునే 1985లో వీళ్లకూ వర్తింపజేశారు. వచ్చిన గంటలకు మాత్రమే రాష్ట్రం డబ్బిస్తుంది. తతిమ్మా చదువంతా కుటుంబానిదే. ఆ పిల్లవాడు చట్టం దృష్టిలో ఇంటి చదువు విద్యార్థిగానే ఉంటాడు.

రెండోది ఆల్టర్నేటివ్ లెర్నింగ్ ఎక్స్‌పీరియన్స్, పొట్టిగా ఏఎల్ఈ. పేరెంట్ పార్ట్‌నర్‌షిప్ బడులు నడిచేది దీని కిందనే. సియాటిల్ నగరంలో కాస్కేడ్ పేరెంట్ పార్ట్‌నర్‌షిప్ ప్రోగ్రామ్, దాని ఉత్తరాన ఎడ్మండ్స్ హైట్స్, మన్రో ఊళ్లో స్కై వ్యాలీ ఎడ్యుకేషన్ సెంటర్ ఇలాంటివే. ఇక్కడ పూర్తికాలం పేరు రాయించుకున్న పిల్లవాడు వారంలో సగం రోజులు ఇంట్లోనే ఉన్నా, లెక్కలు అమ్మ దగ్గరే నేర్చుకున్నా, చట్టం దృష్టిలో ప్రభుత్వ బడి విద్యార్థే. అందుకే చేరే ముందు స్టేట్‌మెంట్ ఆఫ్ అండర్‌స్టాండింగ్ అనే కాగితం మీద తల్లిదండ్రుల చేత సంతకం చేయిస్తారు. ఇంటి చదువుకూ ఏఎల్ఈకీ తేడా తమకు తెలుసని వాళ్లు ఒప్పుకునే కాగితం అది. తేడా తెలియక తర్వాత గొడవపడినవాళ్లు ఎందరో ఉంటేనే గాని ఇలాంటి కాగితం నిబంధనల్లోకి ఎక్కదు.

చేరాక అసలు దస్తావేజు స్టూడెంట్ లెర్నింగ్ ప్లాన్. ప్రతి పిల్లవాడికీ విడిగా ఒకటి ఉంటుంది. దీన్ని ఆమోదించి బాధ్యత వహించేది సర్టిఫికెట్ ఉన్న టీచరు. తల్లిదండ్రులు కూడా కూర్చుని రాయిస్తారు. అయిదో తరగతి పాప ప్లాను ఒకటి తీసి చూస్తే ఇలా ఉంటుంది: విజ్ఞానశాస్త్రం, మంగళ గురువారాలు బడిలో, ఫలానా టీచరు, గణితం, ఇంట్లో, వారానికి అయిదు గంటలు, ఫలానా పుస్తకం, జూన్ నాటికి భిన్నాల భాగహారం దాకా, చదవడం, ఇంట్లో, వారానికి ఆరు గంటలు, పుస్తకాల జాబితా వెనక పేజీలో. ప్రతి విషయానికీ లక్ష్యం, సామగ్రి, గడువు, అంచనా గంటలు ఉండాలి. పూర్తికాలం విద్యార్థిగా లెక్కకు రావాలంటే అన్నీ కలిపి వారానికి 1,665 నిమిషాలు, అంటే 27 గంటల ముప్పావు తేలాలి. ప్లానులో గంటలు తగ్గితే పిల్లవాడు హాజరు పట్టీలో ముప్పావు మనిషో, సగం మనిషో అవుతాడు. డబ్బూ ఆ మేరకే వస్తుంది.

అక్కడితో అయిపోదు. టీచరు వారం వారం పిల్లవాడితో స్వయంగా మాట్లాడాలి. నెలకోసారి ప్రగతి ఎలా ఉందో తేల్చి రాయాలి. బాగాలేదని తేలితే అయిదు పనిదినాల్లో దిద్దుబాటు ప్రణాళిక వేయాలి. మూడు నెలలు వరసగా బాగాలేకపోతే చదువు దారినే మార్చాలి. రాష్ట్ర పరీక్షలు పూర్తికాలం విద్యార్థులకు ఉంటాయి. సర్కారు సొమ్ముతో కొన్న పుస్తకాలు, మైక్రోస్కోపులు డిస్ట్రిక్టువే, ఏడాది చివర తిరిగి ఇచ్చేయాలి. మతబోధ పుస్తకాలు ఆ డబ్బుతో కొనకూడదు. రాష్ట్రమంతటా నెల మొదటి బడిరోజున (సెప్టెంబరులో అయితే నాలుగో బడిరోజున) పిల్లలను లెక్కిస్తారు. తరగతి గదిలో కూర్చోని పిల్లల విషయంలో ఆ లెక్కకు ఆధారం కాగితాలే. అందుకే ఈ బడుల్లో టీచర్ల కాలం సగం కాగితాలకే పోతుందంటే అతిశయోక్తి కాదు. పాఠం చెప్పాలని వచ్చినవాళ్లకు ఇది విసుగే. కాని ఈ కాగితాలు లేకపోతే ఏమవుతుందో తర్వాత కాలిఫోర్నియా చూపించింది.

వాషింగ్టన్‌లోనూ దారి నున్నగా సాగలేదు. కొన్ని డిస్ట్రిక్టులు పిల్లలను రాబట్టుకోవడానికి తల్లిదండ్రుల చేతికే కొంత భత్యం ఇచ్చేవి. దాంతో గుర్రపుస్వారీ పాఠాలు, జిమ్నాస్టిక్స్ లాంటివి కూడా కొనుక్కునే వీలుండేది. మామూలు బడి పిల్లవాడికి లేని సౌకర్యం ఇంట్లో ఉన్నవాడికి సర్కారు సొమ్ముతో ఎందుకన్న ప్రశ్న శాసనసభ దాకా వెళ్లింది. 2011లో ఆ భత్యాలను నిషేధించి, ఏఎల్ఈ నిధుల్లో 10 నుంచి 20 శాతం కోత పెట్టారు. పిల్లలను ముఖాముఖి కలిసే బడులకు తక్కువ కోత, కలవనివాటికి ఎక్కువ. మామూలు విద్యార్థులకు అందని అనుభవాలను వీళ్లకు మాత్రమే కొనిపెట్టరాదన్న నియమం కూడా బిగిసింది. 2013లో మరో చట్టం వచ్చి కోర్సులను ఆన్‌లైన్, రిమోట్, బడి ఆవరణలో జరిగేవి అని మూడు రకాలుగా విడగొట్టింది. కోత కాలం నాటి గందరగోళం అప్పటికి కొంత సద్దుమణిగింది.

ఈ బడుల భవనాల సంగతి కూడా చెప్పుకోవాలి. సాధారణంగా డిస్ట్రిక్టు తన కొత్త భవనాన్ని వీటికి ఇవ్వదు. మామూలు బడి ఖాళీ చేసిపోయిన పాత కట్టడాలు వీటి వంతుకు వస్తుంటాయి. మన్రోలోని స్కై వ్యాలీ బడి పాత ట్యూబులైట్ల చోకుల్లో పీసీబీ అనే విషరసాయనం ఉందనీ, అది కారి తమ ఆరోగ్యం చెడిందనీ టీచర్లు, పూర్వ విద్యార్థులు, పిల్లలతో పాటు వచ్చి సాయం చేసిన తల్లిదండ్రులు మోన్‌శాంటో కంపెనీ మీద దావాలు వేశారు. అమెరికాలో 1977 దాకా పీసీబీలు తయారు చేసింది ఆ కంపెనీయే. ముగ్గురు టీచర్ల కేసులో 2021లో జ్యూరీ 18 కోట్ల 50 లక్షల డాలర్ల పరిహారం విధించింది. 2023లో ఏడుగురి కేసులో 85 కోట్ల 70 లక్షల డాలర్లు విధిస్తే, తర్వాత జడ్జి దాన్ని దాదాపు సగానికి తగ్గించాడు. ఆ ఏడుగురిలో ఇద్దరు తల్లిదండ్రులే. మామూలు బడిలో అయితే పిల్లలను దింపి వెళ్లిపోతారు. భాగస్వామ్య బడిలో వాళ్లూ లోపలే ఉంటారు కాబట్టి నష్టపోయినవాళ్లలో వాళ్లూ చేరారు.

ఇతర రాష్ట్రాల్లో కథ కొంచెం కొంచెం మారుతుంది. అయోవా 1991లోనే ఇంటి చదువును చట్టంలో చేర్చి, ద్వంద్వ నమోదుకు, అంటే ఇంట్లో చదువుతూనే బడి తరగతుల్లో చేరడానికి, వీలు కల్పించింది. అక్కడి అసిస్టెన్స్ ప్రోగ్రాములో టీచరు కుటుంబాలకు సలహాదారుగా ఉంటుంది. మిషిగన్‌లో మూలం ఒక కోర్టు తీర్పు. ప్రైవేటు బడిలో చదివే ఒక బాలిక ప్రభుత్వ బడిలో బ్యాండు నేర్చుకుంటానంటే ఛార్లెట్ ఊరి డిస్ట్రిక్టు కాదంది. 1984లో రాష్ట్ర సుప్రీంకోర్టు బాలిక పక్షాన తీర్పు చెప్పింది: ముఖ్య విషయాలు కాని తరగతులు బడి తన పిల్లలకు పెట్టినప్పుడు, బయటి పిల్లలకూ వాటిని తెరవాలి. అందుకే అక్కడి భాగస్వామ్య తరగతుల్లో సంగీతం, చిత్రలేఖనం, విదేశీ భాష, కంప్యూటరు ఉంటాయి గాని గణితం, ఇంగ్లీషు ఉండవు. ఓక్లహోమాలో ఇంట్లో చదివే ఒక బాలిక గుత్రీ డిస్ట్రిక్టులో కొన్ని తరగతులకు వస్తానంటే బడి ఒప్పుకోలేదు. 1998లో ఫెడరల్ అప్పీలు కోర్టు బడినే సమర్థించింది. పిల్లల చదువును తీర్చిదిద్దే హక్కు తల్లిదండ్రులకు ఉంది గాని, ప్రభుత్వ బడిలో ఏ ముక్క కావాలో ఏరుకునే హక్కు రాజ్యాంగం ఇవ్వలేదన్నది ఆ తీర్పు సారం. కాబట్టి సగం బడి అనేది రాష్ట్రం చట్టం చేసి ఇస్తేనే ఉంటుంది. అడిగిన ప్రతిచోటా దొరికేది కాదు.

ఆటల విషయంలో పోరాటం వేరేగా నడిచింది. ఫ్లోరిడా 1996లో చట్టం చేసి, ఇంట్లో చదివే పిల్లలను బడి జట్లలో ఆడనిచ్చింది. దాని పుణ్యమా అని టిమ్ టీబో అనే కుర్రాడు నీస్ హైస్కూలు జట్టులో ఫుట్‌బాల్ ఆడి, 2007లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. ఆ తర్వాత ఏ రాష్ట్రంలో ఇలాంటి బిల్లు పెట్టినా జనం దాన్ని టీబో బిల్లు అనే పిలిచారు.

అలాస్కాలో ఈ సగం బడి పద్ధతి అవసరం కొద్దీ పుట్టింది. బంగారు గనుల దగ్గర, చేపల రేవుల్లో, రోడ్డు చేరని పల్లెల్లో ఉన్న పిల్లలకు 1939 నుంచే అక్కడ తపాలా బడి ఉంది. 1997లో యూకాన్ నది ఒడ్డున, రోడ్డు మార్గమే లేని గలీనా అనే చిన్న ఊరి డిస్ట్రిక్టు, రాష్ట్రమంతటి ఇంటి చదువు కుటుంబాల కోసం ఐడియా అనే పేరుతో కరస్పాండెన్స్ బడి తెరిచింది. కొన్ని వందల జనాభా ఉన్న ఊరి బడిలో వేల మంది పిల్లలు చేరారు. కరస్పాండెన్స్ విద్యార్థికి రాష్ట్రం మామూలు విద్యార్థి లెక్కలో 90 శాతం కడుతుంది. ఆ డబ్బులో కొంత పుస్తకాలకు, పాఠాలకు ఖర్చుపెట్టుకోమని కుటుంబానికి కేటాయిస్తారు. 2014 చట్టం ఈ ఖర్చుకు పగ్గాలు వదులు చేసింది. కొందరు ఆ డబ్బు తీసుకెళ్లి ప్రైవేటు బడుల ఫీజు కట్టారు. ప్రైవేటు, మత విద్యాసంస్థల ప్రత్యక్ష ప్రయోజనానికి ప్రజాధనం వాడరాదని అలాస్కా రాజ్యాంగంలో స్పష్టంగా ఉంది. 2024 ఏప్రిల్‌లో ఆంకరేజ్ జడ్జి ఆ చట్టం చెల్లదన్నాడు. జూన్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. చట్టం మొత్తాన్ని రద్దు చేయనక్కర్లేదని చెప్పి, ప్రైవేటు బడి ఫీజుల ప్రశ్నను కింది కోర్టుకే తిప్పి పంపింది.

కాలిఫోర్నియాలో 1992 చట్టం కింద, సర్కారు సొమ్ముతో స్వతంత్రంగా నడిచే చార్టర్ బడులు వచ్చాయి. తరగతి గది లేకుండా నడిచే చార్టర్లు ఇంటి చదువు కుటుంబాలను ఆకర్షించాయి. వాటిలో నిజాయితీగా నడిచేవి చాలానే ఉన్నాయి. కాని 2019 మేలో శాన్ డియాగో ప్రాసిక్యూటర్లు ఏ3 అనే చార్టర్ల గొలుసు మీద కేసు పెట్టారు. వేసవి క్రీడా జట్లలో ఆడే పిల్లల పేర్లు సేకరించి విద్యార్థులుగా చూపారనీ, చదువు చెప్పకుండానే రాష్ట్రం నుంచి సొమ్ము లాగారనీ అభియోగం. నేరం ఒప్పుకున్న ప్రధాన నిందితుల నుంచి, వారి సంస్థల నుంచి 20 కోట్ల డాలర్లకు పైగా రాబట్టారు. ఆ ఏడాదే శాసనసభ తరగతి గది లేని కొత్త చార్టర్లకు అనుమతులు నిలిపేసింది. హాజరు పట్టీలో పేరుంటే చాలు డబ్బు వచ్చేచోట, పిల్లవాడు నిజంగా చదువుతున్నాడా అని వారం వారం అడిగే మనిషి ఎందుకు ఉండాలో దీన్ని బట్టి తెలుస్తుంది.

పాతతరం ఇంటి చదువు ఉద్యమకారుల్లో చాలామందికి ఈ భాగస్వామ్యం నచ్చదు. సర్కారు డబ్బు తీసుకుంటే సర్కారు నియమాలూ ఇంట్లోకి వస్తాయనీ, రేపు అందరి మీదా అవే నియమాలు రుద్దుతారనీ వాళ్ల భయం. సొంత ఖర్చుతో చెప్పుకునే స్వేచ్ఛ కోసమే కోర్టులకు ఎక్కాం, మళ్లీ ప్లాను రాసి టీచరు సంతకం పెట్టించుకోవడం దేనికి అని అడుగుతారు. వాదనలో పస ఉంది. అయితే ఆ స్వేచ్ఛకు అయ్యే ఖర్చు అందరూ భరించలేరు. ఒక్కరి జీతం మీద నడిచే ఇంట్లో నలుగురు పిల్లలకు ల్యాబు, వాద్యాలు, ఫ్రెంచి ట్యూషను కొనడం మాటలు కాదు. వాళ్లకు ఆ ప్లాను కాగితం పెద్ద బరువుగా తోచదు.

భారతదేశంలో పరిస్థితి తలకిందులుగా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను బడిలోనే ఊహించుకుంది. బడి బయట చదివినవాళ్లకు పరీక్ష రాసే దారి మాత్రం ఉంది. 1989లో జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, 1991లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం ఏర్పడ్డాయి. తెలుగునాట ఇంట్లో చదివే పిల్లవాడు ఓపెన్ స్కూల్లో పదో తరగతి పాసై ఇంటర్లో చేరవచ్చు. కాని వారానికి రెండు రోజులు జిల్లా పరిషత్ హైస్కూలు ల్యాబులో కూర్చోవడానికి దారి లేదు. మన హాజరు పట్టీకి తెలిసింది హాజరు, గైర్హాజరు మాత్రమే.

సియాటిల్ చుట్టుపక్కల రెడ్‌మండ్, బాథెల్, సమామిష్ లాంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలు చాలా స్థిరపడ్డాయి. వాటిలో ఇంటి చదువు వైపు చూసేవాళ్లు ముందుగా తేల్చుకోవలసింది తమకు కావలసింది ఏ తలుపు అన్నది. ఒకటి రెండు తరగతులే కావాలంటే ప్రకటన పత్రం ఇచ్చి పాక్షికంగా చేరవచ్చు. పూర్తికాలం ఏఎల్ఈలో చేరితే ప్రకటన పత్రం అక్కర్లేదు, పిల్లవాడు ప్రభుత్వ బడి విద్యార్థి అయినట్టే. అక్కడి నుంచి ఏడాది మధ్యలో మానిపించి ఇంట్లోనే చెప్పుకోదలిస్తే, ఎనిమిదేళ్లు నిండిన పిల్లవాడికి ఆ ప్రకటన పత్రం డిస్ట్రిక్టు కార్యాలయంలో తప్పక ఇవ్వాలి. లేకపోతే లెక్కలో అతను బడి ఎగ్గొట్టినవాడు అవుతాడు.